మల్లేశ్ ఇప్పించిన ఇళ్లు

కోవిడ్ రావడానికి కొన్నేళ్ల ముందు, ఒక సెప్టెంబరు నెలలో, డబ్లిన్ శివార్లలోని చెర్రీవుడ్‌లో ఉన్న మా కంపెనీ ప్రధాన కార్యాలయంలో నాకు ఆ పని అప్పజెప్పారు. అప్పటికి నేను ఇంటర్నల్ ఆడిట్ విభాగంలో సీనియర్ మేనేజర్ని. నా పైన విభాగాధిపతి ఫర్గల్. ఆయన పైన ఆడిట్ కమిటీ. ఇంటర్నల్ ఆడిట్ అంటే ఖాతాలు సరిచూడడమని చాలామంది అనుకుంటారు. అందుకు బయటి ఆడిటర్లు ఏటా వస్తారు. మేం కంపెనీ జీతం తీసుకుంటూ కంపెనీనే అనుమానించే ఉద్యోగులం. లిఫ్టులో మేం ఎక్కితే మాటలు ఆగిపోతాయి. క్యాంటీన్లో మా బల్ల దగ్గర ఎప్పుడూ ఖాళీ కుర్చీలుంటాయి. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో, గుంటూరులోనైనా డబ్లిన్‌లోనైనా, ఈ ఒక్క విషయంలో నాకు తేడా కనబడలేదు.

డబ్లిన్‌లో ఎటు చూసినా క్రేన్లే ఉన్న రోజులవి. కంపెనీలు వస్తున్నాయి, మనుషులు వస్తున్నారు, ఇళ్లు మాత్రం రావడం లేదు. క్లోనీకి కొద్ది దూరంలో మా కంపెనీ ఒక సపోర్ట్ సెంటర్ తెరిచింది. రాత్రీ పగలూ సర్వర్లను కనిపెట్టుకుని ఉండే పని. దానికి హైదరాబాదు నుంచీ బెంగళూరు నుంచీ ఇంజనీర్లను రప్పించారు. వాళ్లలో సగానికి పైగా తెలుగువాళ్లు. సెంటర్ మేనేజర్ మల్లేశ్‌ది కరీంనగర్ దగ్గర పల్లె. ఐర్లండ్‌కి అందరికన్నా ముందే వచ్చి, పౌరసత్వం తీసుకుని, మనవాళ్లందరికీ పెద్దదిక్కుగా పేరు తెచ్చుకున్న మనిషి.

ఫిర్యాదు మా స్పీక్-అప్ లైన్‌కి వచ్చింది. పేరు చెప్పకుండా తప్పుల్ని తెలియజేయడానికి కంపెనీ పెట్టిన ఏర్పాటు అది. వచ్చింది నాలుగు వాక్యాలే, ఇంగ్లీషులో. క్లోనీ సెంటర్లో కొత్తగా చేరేవాళ్లు మేనేజర్ చూపించిన ఇళ్లలోనే ఉంటున్నారు, ఆ ఇల్లు వదిలేస్తే ఉద్యోగానికి ముప్పు వస్తోంది, మీరు చూడాలి. అంతే.

ఇలాంటి విచారణకు ముందు మేం రెండు సంతకాలు పెడతాం. ఫిర్యాదు రాసిందెవరో వెతకనని ఒకటి. రెండోది స్వతంత్రతా ప్రకటన, అంటే ఈ మనుషులతో నాకు ఏ సంబంధం ఉందో ముందే చెప్పుకోవడం. నేను రాసింది ఇది: మల్లేశ్ నాకు తెలుసు. బతుకమ్మ పండక్కి వాళ్లింట్లో భోజనం చేశాను. వాళ్లావిడ సునీత నన్ను అక్కా అని పిలుస్తుంది.

ఫర్గల్ అది చదివి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. నన్ను తప్పిస్తే మంచిదని అతని ఉద్దేశం. ఆ మాట మర్యాదగానే చెప్పాడు. ఆడిట్ కమిటీ అధ్యక్షురాలు, బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన ఐరిష్ ఆవిడ, ఒప్పుకోలేదు. భాష తెలియనివాళ్లు వెళ్తే సగమే వింటారని ఆవిడ వాదన. భాష తెలిసినవాళ్లు ఒక్కరే వెళ్తే, వాళ్లు చెప్పిందే మనం వినాలి కదా అని ఫర్గల్ వాదన. చివరికి విచారణకు నీవ్ అనే అమ్మాయిని పెద్దగా పెట్టారు. నాకన్నా పన్నెండేళ్లు చిన్నది, హోదాలో ఒక మెట్టు కింద. ఈ ఒక్క పనిలో నేను ఆమె కింద సహాయకురాలిని. ఇంటికి వచ్చి మా వారికి చెప్తే, ఆసుపత్రిలో డ్యూటీ ముగించుకుని అప్పుడే వచ్చి సాక్సులు విప్పుకుంటున్న ఆయన, "మంచిదేగా, నిందలు నీవ్‌కి పోతాయి" అన్నారు. నిందలు పోవాల్సిన చోటికే పోయాయి. ఆ సంగతి తర్వాత.

ఇంటర్వ్యూలు క్లోనీ సెంటర్లోనే ఒక చిన్న గదిలో పెట్టాం. పద్ధతి ప్రకారం ఇద్దరం కూర్చుంటాం, ఒకరు అడుగుతారు, ఒకరు రాస్తారు. వచ్చినవాళ్ల అనుమతి తీసుకుని రికార్డు చేస్తాం. చివర్లో రాసింది చదివి వినిపిస్తాం. వచ్చిన ఇంజనీర్లు అందరూ ఇంగ్లీషులో మొదలుపెట్టి నన్ను చూసి తెలుగులోకి దిగారు.

కిరణ్ అనే విజయవాడ కుర్రాడు మాకు పరిస్థితి వివరంగా చెప్పాడు. "ఇక్కడ ఇల్లు కావాలంటే పాత ఓనర్ దగ్గర్నుంచి ఉత్తరం కావాలంటారు మేడం. దిగి వారం కాలేదు, పాత ఓనర్ ఎక్కడ్నించి వస్తాడు? వ్యూయింగ్ అని ఇల్లు చూడ్డానికి వెళ్తే వీధి చివరి దాకా లైను. అడ్రస్ లేకపోతే బ్యాంకు అకౌంట్ ఇవ్వరు, అకౌంట్ లేకపోతే ఇల్లివ్వరు. మల్లేశ్ అన్న లేకపోతే నేను సూట్‌కేస్ తీసుకుని తిరిగి విమానం ఎక్కేవాణ్ణి."

మల్లేశ్ చేసింది ఇదీ. తన పేరు మీదా భార్య పేరు మీదా మూడు ఇళ్లు లీజుకు తీసుకున్నాడు. కొత్తగా వచ్చినవాళ్లను అందులో దింపేవాడు. ఓనర్‌కి ఎంత కట్టాలో అంతే వాళ్ల దగ్గర తీసుకునేవాడు. తన జేబులో పైసా వేసుకోలేదని లీజులు చూశాక మాకు రుజువైంది.

అయినా ఆ గదిలో ఏదో సరిగా లేదు. వచ్చిన ప్రతి మనిషీ ఒకటే మాట అన్నాడు: "ఆయన మాకు పెద్దన్న లాంటివాడు." ఒకరి తర్వాత ఒకరు, అదే మాట, దాదాపు అదే గొంతుతో. సాయంత్రం నోట్సు చూస్తూ నీవ్, ఎవరో నేర్పి పంపినట్టుంది కదూ అంది. మావాళ్లు ఎవరి గురించైనా అలాగే అంటారని నేను చెప్పాను. ఆమె నోట్సు మీంచి తలెత్తి నా వైపు చూసింది. నేను చెప్పింది అబద్ధం కాదు. అయినా ఆ చూపుతో నాకొకటి తెలిసింది. నేను సాక్ష్యాన్ని వివరించడం మానేసి, మనిషి తరఫున మాట్లాడడం మొదలుపెట్టాను. అప్పట్నించి ఆమె అడిగితే తప్ప నోరు విప్పకూడదనుకున్నాను.

మల్లేశ్ వచ్చి కూర్చున్నప్పుడు మాత్రం నీవ్ మెత్తబడింది. లీజులు, ఓనర్ల ఫోన్ నంబర్లు, ఇళ్ల వాట్సాప్ గ్రూపులో మెసేజీలు, అన్నీ అడగకుండానే ముందు పెట్టాడు. డిపాజిట్లు సొంత డబ్బు పెట్టి కట్టాడట. బయటికి వచ్చాక, గొప్ప మనిషే అంది నీవ్. ఇప్పుడు అనుమానం నాకు మొదలైంది. అతను మంచివాడా కాదా అన్నది మా ప్రశ్న కాదు. ఆ ఇళ్లలో ఉన్న ప్రతి ఒక్కరి ప్రొబేషన్ మీద చివరి సంతకం అతనిదే. కొత్త ఉద్యోగిని కొన్ని నెలలు చూసి, ఉంచాలా వద్దా అని తేల్చే గడువు అది. వాళ్లు వచ్చిన వర్క్ పర్మిట్‌తో మొదటి ఏడాదిలో ఇంకో కంపెనీకి మారడం కష్టం. అంటే ఒక మనిషి చేతిలో వాళ్ల ఉద్యోగం, పర్మిట్, తలదాచుకునే చోటు మూడూ ఉన్నాయి. మా భాషలో దీన్ని ప్రయోజనాల సంఘర్షణ అంటారు. దానికి దుర్మార్గుడు అక్కర్లేదు, అధికారం చాలు.

ఆ ఇల్లు వదిలి వెళ్లిన మనిషి ఒక్కతే ఉంది. భార్గవి. కడప జిల్లా నుంచి ఆరేళ్ల కూతురితో వచ్చింది. భర్త వీసా ఇంకా రాలేదు. నలుగురు మగ ఇంజనీర్లతో ఒకే వంటిల్లు పంచుకోలేక, స్నేహితురాలి ఇంట్లో చిన్న గదిలోకి మారిపోయింది. మారిన కొద్ది రోజులకే ఆమె ప్రొబేషన్ పొడిగించారు. కారణంగా "టీమ్‌తో కలవడం లేదు" అని ఉంది.

ఆమె గదిలోకి వచ్చి కుర్చీ అంచున కూర్చుంది. ఏం అడిగినా ఒకటే జవాబు. "ఏం లేదు మేడం. అంతా బాగుండాది. గ్రాండ్." అన్నిటికీ గ్రాండ్ అనే ఐరిష్ అలవాటు ఆమెకు అప్పుడే అబ్బింది. ఇల్లు ఎందుకు మారారని అడిగితే, పాపకు స్కూలు దగ్గరని చెప్పింది. నేను మ్యాపు చూశాను, స్కూలు ఇంకా దూరమైంది. వెళ్లేటప్పుడు తలుపు దగ్గర ఆగి, ఇప్పుడు చెప్పిందంతా మల్లేశ్ సార్ చదువుతాడా అని అడిగింది. చదవడని చెప్పాను. నమ్మినట్టు కనబడలేదు.

ఫిర్యాదు ఆమే రాసిందని నా మనసులో అప్పుడే ఖాయమైపోయింది. సంతకం పెట్టాను కాబట్టి ఎవరితోనూ అనలేదు. ఆ ఒక్క ప్రశ్న ఆమెను అడగలేదు, నీవ్‌నూ అడగనివ్వలేదు. కానీ బయట మనవాళ్లు ఏ సంతకాలూ పెట్టలేదు. వారం తిరక్కుండానే పుట్టినరోజు పార్టీలకు ఆ పాపను పిలవడం మానేశారని విన్నాను. నాకు తెలిసిన ఒకావిడ ఫోన్ చేసి, కూరగాయల ధరల దగ్గర మొదలుపెట్టి, "ఆ కడపమ్మాయేనట కదా వదినా?" అని ఆరా తీసింది. ఆఫీసు విషయాలు మాట్లాడనన్నాను. "అంటే ఆ పిల్లేనన్నమాట" అని పెట్టేసింది. అలాంటప్పుడు మౌనం కూడా జవాబైపోతుంది. ఆ తర్వాత మన పార్టీల్లో నన్ను చూసినా మాటలు ఆగిపోవడం మొదలైంది.

మల్లేశ్ ఇచ్చిన వాట్సాప్ మెసేజీలు చాలావరకు తెలుగులో ఉన్నాయి. గీజర్ పనిచేయడం లేదు, చెత్త బిన్ను ఎవరు బయట పెట్టాలి, వంటింటి అలమరలో నా పచ్చడి సీసా ఎవరు తీశారు, ఇలాంటివి. కూర్చుని అన్నీ ఇంగ్లీషులోకి మార్చి ఇచ్చాను. కొన్నాళ్లకు, ఓ మధ్యాహ్నం కాఫీ తాగుతూ, నీవ్ ఇబ్బందిగా ఒక మాట చెప్పింది. ఫర్గల్ ఆ మెసేజీల్ని లండన్‌లో ఒక తెలుగు అనువాదకుడికి కూడా పంపాడట. నా అనువాదంతో పోల్చి చూడడానికి. ఇకముందు రికార్డింగులు కూడా పంపుతాడట.

కాఫీ అక్కడే వదిలేసి కిటికీ దగ్గరికి వెళ్లి లూయస్ ట్రామ్ వచ్చి పోవడం చూస్తూ నిలబడ్డాను. పద్నాలుగేళ్లు ఆ విభాగంలో పనిచేశాను. నా రిపోర్టులో ఒక్క వాక్యం వెనక్కి తీసుకోవాల్సి రాలేదు. ఫర్గల్‌ని అడిగేద్దామని అతని గది దాకా వెళ్లాను కూడా. అద్దం లోంచి నన్ను చూసి అతను లేచి నిలబడ్డాడు. ఆ లేవడంలోనే, నేను అడగబోయేదేమిటో అతనికి తెలుసని నాకు అర్థమైంది. నేను లోపలికి వెళ్లలేదు. వెళ్లి ఏమని అడగాలి? అతని స్థానంలో నేనున్నా అదే చేసేదాన్ని.

ఒక ఆదివారం మధ్యాహ్నం, క్లోన్‌సిల్లాలో మా ఇంటి గంట మోగింది. తలుపు తీస్తే మల్లేశ్ భార్య సునీత. చేతిలో స్టీలు డబ్బా. పక్కన వాళ్లమ్మాయి ఫోన్‌లో మునిగిపోయి ఉంది. విచారణ జరుగుతుండగా అవతలి వాళ్లు ఇంటికి వస్తే, గుమ్మం దగ్గరే పంపేయాలన్నది నియమం కాదు గానీ మంచి అలవాటు. వాన పడుతోంది, పిల్ల తడుస్తోంది. లోపలికి రమ్మన్నాను. డబ్బా మాత్రం తీసుకోలేనన్నాను.

"సకినాలు గూడ లంచమేనా అక్కా?" అంది సునీత. నవ్వింది గానీ ఆ నవ్వు కళ్ల దాకా రాలేదు.

"ఈ పని అయ్యేదాకా మంచినీళ్లు కూడా మీరు నా దగ్గర తాగడమే, నేను మీ దగ్గర తాగను సునీతా. ఏమీ అనుకోకు."

ఆమె డబ్బా ఒళ్లో పెట్టుకుని మా హాల్లో కూర్చుంది. తర్వాత, తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు మొదలుపెట్టింది. మూడు ఇళ్లలో ఏది పాడైనా ఓనర్లు తనకే ఫోన్ చేస్తారట. రాత్రి వచ్చి దిగిన పిల్లలకు వండి పెట్టేది తనేనట. "మా ఆయనకు పేరు, నాకు పని" అంది. అప్పుడు, చాలా మామూలుగా, ఈ మాట అంది.

"ఆ భార్గవి ఇల్లు ఇడిసిపెట్టి పోయిన నాడు ఇంట్ల కూసొని ఏమన్నడో ఎర్కనా అక్కా? 'నా ఇల్లు వద్దన్నది గదా, ఇగ ప్రొబేషన్ ఎట్ల పాసైతదో నేను జూస్త' అన్నడు. అన్నడంటే మరి, కోపమొచ్చి అన్నడు."

వాళ్లమ్మాయి ఫోన్‌లోంచి తలెత్తి, "మామ్, కెన్ వీ జస్ట్ గో?" అంది, అచ్చమైన ఐరిష్ యాసలో. సునీత లేచింది. డబ్బా పట్టుకుని వానలోకి వెళ్లిపోయింది.

ఆమె నోరు జారిందనే అనుకున్నాను. భర్త తరఫున నన్ను మెత్తబరచడానికి వచ్చి, తెలియక అతన్నే పట్టిచ్చిందని. నా ఇంట్లో, నా భాషలో, నన్ను అక్కా అన్న మనిషి చెప్పిన మాట అది. ఫైల్లో రాయకుండా వదిలేస్తే అడిగేవాళ్లెవరూ లేరు. ఆ సాయంత్రమే రాశాను. ఆమె అన్నది ముందు తెలుగు లిపిలో, కింద ఇంగ్లీషులో. పొద్దున్నే నీవ్‌కీ ఫర్గల్‌కీ ఇచ్చాను.

ఫర్గల్ చదివి, విన్నది నువ్వొక్కదానివే కదా అన్నాడు. ఈసారి నాకు కోపం రాలేదు. ఒక మనిషి చెప్పింది, ఇంకొక మనిషి విన్నది, మూడో ఆధారం లేనిది మా వృత్తిలో నిలబడదు. బలపరిచే సాక్ష్యం కావాలి. అది ఎక్కడుంటుందో మాత్రం ఇప్పుడు తెలిసింది.

ప్రొబేషన్ రిపోర్టు మొదట రాసేది షిఫ్ట్ లీడ్, మేనేజర్ కాదు. భార్గవి షిఫ్ట్ లీడ్ డెక్లన్ అనే నావన్ ఊరి మనిషి. మాటలు తక్కువ. అతన్ని అడిగితే, తాను ఆమెను పాస్ చేయమనే రాశానని, షిఫ్టులో అందరికన్నా పని తెలిసిన అమ్మాయని చెప్పాడు. ఆ తర్వాత మల్లేశ్ పిలిచి దాన్ని మార్చి రాయమన్నాడట. తాను మార్చనంటే, మల్లేశే మార్చుకున్నాడట. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని నీవ్ అడిగింది. అది మేనేజర్ హక్కు అనుకున్నానని, పైగా తననెవరూ అడగలేదని జవాబిచ్చాడు.

మల్లేశ్‌ను మళ్లీ పిలిచాం. పక్కన తోడుగా ఎవరినైనా తెచ్చుకోవచ్చని రాశాం, ఒంటరిగానే వచ్చాడు. రికార్డింగ్ మొదలైంది. డెక్లన్ చెప్పింది నీవ్ ముందు పెట్టింది. రిపోర్టు మార్చడం మేనేజర్‌గా తన నిర్ణయమని, ఇంటికీ దానికీ సంబంధం లేదని ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పాడు. నీవ్ మళ్లీ అడిగింది. మూడోసారి అడిగేసరికి అతను కుర్చీ నా వైపు తిప్పుకున్నాడు.

"అక్కా, మీరన్న జెప్పున్రి గీమెకు. నేను లేకుంటే గీ పోరగాండ్లు రోడ్డు మీద పండుదురు. అర్ధరాత్రి ఎయిర్‌పోర్టుకు పోయి తీస్కొచ్చిన ఆమెను, పిల్లతోని. ఒక్క మాట గూడ జెప్పకుండ సామాను సదురుకొని పోయింది. నలుగుట్ల నా ఇజ్జత్ ఏం గావాలె? కోపం రాదా? కోపమొచ్చి ఆపిన. గంతే."

అతనేమన్నాడని నీవ్ నన్ను అడిగింది. నేను వరసగా చెప్పాను. రోడ్డు, ఎయిర్‌పోర్టు, పిల్ల, ఇజ్జత్. పరువూ మర్యాదా రెండూ కలిసిన ఆ ఆఖరి మాటకు సరైన ఇంగ్లీషు దొరక్క రెండు మాటలు వాడాను. చివరికి, కోపమొచ్చి ఆపాను అన్నది కూడా.

మల్లేశ్ నా మొహంలోకి చూశాడు. "అది గూడ జెప్పినవా?"

"చెప్పాలి మల్లేశ్ గారూ. నేను ఇక్కడున్నది అందుకే."

"నువ్వున్నవని ధైర్యంగ ఉంటిని అక్కా."

నోట్సు చదివి వినిపించాం. అతను సంతకం పెట్టకుండా లేచి వెళ్లిపోయాడు. తర్వాత, తానలా అనలేదని, నా అనువాదం తప్పని కంపెనీకి రాశాడు. అప్పుడు అక్కరకొచ్చింది ఫర్గల్ అనుమానం. రికార్డింగ్ విన్న లండన్ అనువాదకుడు రాసింది నా అనువాదంతో సరిపోయింది. ఒక్క ఇజ్జత్ దగ్గర తప్ప. దానికి అతను కూడా రెండు మాటలు వాడాడు, వేరేవి.

రిపోర్టు కమిటీకి వెళ్లింది. మల్లేశ్‌ను మనుషుల మీద అధికారం లేని సాంకేతిక పదవికి మార్చారు. కొన్నాళ్లకు అతనే మానేసి ఇంకో కంపెనీలో చేరాడు. కొత్తగా వచ్చేవాళ్ల కోసం కంపెనీ తన పేరు మీదే కొన్ని ఫ్లాట్లు లీజుకు తీసుకుంది. ముందే ఆ పని చేసి ఉంటే మల్లేశ్ అవసరమే ఉండేది కాదని కూడా మేం రిపోర్టులో రాశాం. ఆ పేరా తీసేయమని పైనుంచి ఒకరిద్దరు అడిగారు. ఫర్గల్ తీయలేదు.

భార్గవి ఉద్యోగం ఖాయమైంది. అయినా ఆమె నిలవలేదు, ఏడాది తిరిగాక గాల్వేలో పని చూసుకుని వెళ్లిపోయింది. వెళ్లే ముందు చెర్రీవుడ్ ఆఫీసుకు ఏదో ట్రైనింగ్‌కి వచ్చి, నన్ను వెతుక్కుంటూ మా అంతస్తుకు వచ్చింది.

"నేను రాయలేదక్కా. ఎవురికి చెప్పినా నమ్మరు. మా పాపను గూడా ఎవురూ ఆటకు పిలవరు. మీరన్నా నమ్ముతారని చెప్తాండా."

ఎవరు రాశారో నేను తెలుసుకోకూడదని, తెలుసుకోవాలని కూడా లేదని చెప్పాను. నిబంధన ప్రకారం సరైన జవాబే. ఆమెకు కావలసిన జవాబు మాత్రం కాదు. తన ఫోన్ నంబరు రాసిచ్చి వెళ్లిపోయింది.

నేను రిటైరయ్యాక మేం అత్లోన్‌కి మారాం, మా వారు కొత్తగా చేరిన ఆసుపత్రికి దగ్గరని. ఒకరోజు డబ్లిన్ నుంచి తిరిగొస్తుంటే రైల్లో సునీత కనబడింది. అత్లోన్‌లో ఒక మందుల కంపెనీలో చేరిందట. ఎదురుగా వచ్చి కూర్చుంది. పిల్లల చదువులు, మోకాళ్ల నొప్పులు అయ్యాక, మల్లేశ్ సంగతి వచ్చింది. ఎక్కడ నలుగురు కలిసినా ఇప్పటికీ భార్గవిని తిడతాడట, తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టిందని.

"ఆమె రాయలే అక్కా. నేనే రాసిన."

స్పీక్-అప్ లైన్ ఉద్యోగులకే కాదు, కంపెనీతో ఏ సంబంధం ఉన్నవాళ్లైనా వాడొచ్చు. వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. బయటివాళ్లు వాడడం ఎప్పుడూ చూడలేదు గనక మాలో ఎవరికీ ఆ ఆలోచనే రాలేదు.

ఎందుకని అడిగాను.

"మా తాత దొర గడీల ఎట్టిచాకిరి జేసిండు. దొర ఇచ్చిన గుడిసెల ఉండె, దొర ఎల్లగొడ్తె ఊరిడిసి పోయె. మా నాయిన మమ్ముల గందుకే సదివిచ్చిండు. గా దొర మాట నా మొగని నోట్లకెల్లి వచ్చింది అక్కా. 'నా ఇల్లు వద్దన్నది' అంట. నా ఇంట్లనే దొర తయారైతుంటే సూస్కుంట వండి పెట్టాల్నా? వద్దని జెప్పిన, ఇనలే. ఇళ్లు తీస్కుంటరు, తిడ్తరు, గంతే అనుకున్న. కుర్చీ గూడ గుంజుకుంటరనుకోలే."

ఆ ఆదివారం మా ఇంటికి కూడా అందుకే వచ్చిందట. అక్కతో మాట్లాడి రమ్మని పంపింది మల్లేశే. ఏం మాట్లాడాలో మాత్రం తను నిర్ణయించుకుందట. ఇంకా భర్తకు చెప్పలేదట. చెప్తానంది, ఎప్పుడో తెలియదంది. ముందు భార్గవికి చెప్పాలని, నా దగ్గర ఆమె నంబరుందా అని అడిగింది. అడగకుండా ఇవ్వనన్నాను. ఇంటికి వెళ్లి భార్గవికి ఫోన్ చేసి, సునీత నీతో మాట్లాడాలంటోంది, నంబరు ఇవ్వనా అని మాత్రం అడిగాను. ఇవ్వమంది. వాళ్లేం మాట్లాడుకున్నారో నాకు తెలియదు.

కొత్తగా ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలు, అనుమానించడం ఎలా నేర్చుకోవాలని నన్ను అడుగుతుంటారు. అనుమానించడం కష్టం కాదు. ఆ కేసులో ఫర్గల్ నన్ను అనుమానించాడు, ఆ అనుమానమే చివరికి నా మాటకు సాక్ష్యమైంది. నేను భార్గవిని అనుమానించాను, నూటికి నూరుపాళ్లు ఖాయమనుకున్నాను, పొరబడ్డాను. ఫిర్యాదు రాసిందెవరో వెతకకూడదన్న నిబంధన రాసినవాళ్లను కాపాడడానికే ఉందని చాలా ఏళ్లు అనుకున్నాను. రాయనివాళ్లకు కూడా ఉన్న రక్షణ అదొక్కటే. మేం దాన్ని ఆఫీసులో పాటించాం గనక భార్గవి ఉద్యోగం నిలబడింది. బయట ఎవరూ పాటించలేదు గనక ఆమె ఊరు మారాల్సి వచ్చింది.